వీపు చూసే మనిషి

నా చేతులు ముందు ఎర్రబడ్డాయి, తర్వాత పగిలాయి, ఆ తర్వాత నా పరువు తీయడం మొదలుపెట్టాయి. ముప్పై ఏళ్ళుగా పరాయివాళ్ళ తలలు ఈ చేతుల్లో పెట్టుకుని బతికినదాన్ని. కత్తిరించడం, రంగు వేయడం, ఉంగరాలు తిప్పడం, తిప్పిన ఉంగరాలు నచ్చలేదంటే మళ్ళీ సాపు చేయడం, అన్నీ ఇవే చేశాయి. అలాంటిది ఒకరోజు కుర్చీలో కూర్చున్నావిడ అద్దంలో నా వేళ్ళు చూసి మెడ కాస్త ముందుకు జరుపుకుంది. నోటితో ఏమీ అనలేదు. అని ఉంటే తిరిగి అనడానికి నాకో మాట దొరికేది.

సలహాలకైతే కొదవ లేదు. వేడి చేసిందని ఒకరు, రక్తం చెడిందని ఒకరు, దిగులు తగ్గించుకోమని ఒకరు. షాంపూ మార్చమన్నావిడే మరోసారి వచ్చినప్పుడు సబ్బు మార్చమంది. ఇంకొకావిడ తన పిల్లికి గజ్జి వస్తే రాసిన ట్యూబు సగం మిగిలిందని తెచ్చి ఇచ్చింది. "పిల్లికి వారంలో తగ్గింది, నీకు తగ్గదా?" అంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, అదీ రాశాను. పిల్లికి తగ్గిన మాట నిజమేనేమో, నాకు మాత్రం మణికట్టు దాకా పాకింది.

పార్లర్ ఓనరమ్మ నాకంటే పదిహేనేళ్ళు చిన్నది. చెడ్డమనిషి కాదు, మొహమాటం లేని మనిషి. ఒక సాయంత్రం అందరూ వెళ్ళాక నా పక్కన నిలబడి తువ్వాళ్ళు మడతపెడుతూ విషయం తేల్చేసింది.

"అక్కా, మన దగ్గరికొచ్చే పదిమందిలో ఎనిమిదిమంది రంగుకే వస్తారు. రంగు వేయలేకపోతే కుర్చీ ఇవ్వలేను. డాక్టరుకి చూపించుకో. రంగు వల్ల కాదని తేలితే కుర్చీ నీదే. రంగు వల్లే అని తేలితే మాత్రం నన్నేమీ అనకు."

అనడానికేముంది? ఆ పిల్ల చెప్పినదాంట్లో తప్పులేదు. కానీ ఆ కుర్చీ పోతే నాకు పోయేది పని ఒక్కటే కాదు. మా ఆయన పోయి తొమ్మిదేళ్ళు. పిల్లల్లేరు. మూడో అంతస్తులో రెండు గదుల్లో ఉంటాను. సాయంత్రం తాళం తీసి లోపలికి అడుగుపెడితే, మర్నాడు పార్లర్ షట్టరు ఎత్తేదాకా నా గొంతు నాకే వినిపించదు. సోమవారం సెలవు. ఒక మంగళవారం మొదటి తల దగ్గర నోరు తెరిస్తే మాట బొంగురుగా వచ్చింది. జలుబు చేసిందా అని అడిగిందావిడ. అవునన్నాను. జలుబూ లేదు, ఏమీ లేదు. ఒకటిన్నర రోజు వాడని గొంతు.

పార్లర్లో మాత్రం నేను వసపిట్టని. ఎవరి కోడలు ఎవరితో మాట్లాడటం లేదో, ఎవరి కొడుకు ఉద్యోగం మానేసి గిటారు పట్టుకున్నాడో, అన్నీ నాకు తెలుసు. తల నా చేతిలో ఉన్నంతసేపూ ఆ మనిషి నా మనిషే. దువ్వెన కింద పెట్టాక ఎవరి దారి వాళ్ళది. అయినా సరే, అదే నా సంసారం.

చర్మం డాక్టరు బక్కపలచటి అమ్మాయి. నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, తిప్పి చూసి, వేళ్ళ సందులు విడదీసి చూసింది. ఆ చూడటంలో ఎక్కడా ముఖం చిట్లించలేదు. అందుకే ఆ పిల్ల చెప్పినదంతా శ్రద్ధగా విన్నాను.

"చర్మం గోడలాంటిదమ్మా," అంది. "కణాలు ఇటుకలనుకోండి. వాటి మధ్య సున్నం అద్దినట్టు కాస్త కొవ్వు ఉంటుంది. రోజుకి ముప్పైసార్లు షాంపూ నీళ్ళలో చేతులు నానితే ఆ సున్నం కరిగిపోతుంది. సందులు పడతాయి. లోపలికి పోకూడనివన్నీ పోతాయి. అప్పుడు సబ్బు మండుతుంది, చలిగాలి మండుతుంది, మంచినీళ్ళు కూడా మండుతాయి. జనం దాన్నే సున్నితమైన చర్మం అంటారు. పుట్టుకతో రావచ్చు, వయసుతో రావచ్చు, మీకొచ్చినట్టు పనితోనూ రావచ్చు."

"అంతేనా?"

"అంతే అయితే అదృష్టం. జాగ్రత్తగా ఉంటే గోడ మళ్ళీ కుదురుకుంటుంది. రెండోది ఎలర్జీ. ఇరవై ఏళ్ళు ఏమీ అనకుండా ఊరుకున్న ఒళ్ళు ఉన్నట్టుండి ఒక వస్తువు మీద పగబడుతుంది. ఒకసారి పగబట్టిందా, ఇక మరిచిపోవడం ఉండదు. చుక్క తగిలినా లేచి కూర్చుంటుంది. మీ పనిలో జుట్టురంగు మీద నా అనుమానం. పార్లర్లలో వాడే పల్చటి చేతితొడుగుల్లోంచి కూడా అది లోపలికి దిగుతుంది."

ఈ రెండిట్లో ఏదో తేలాలంటే వీపు మీద పరీక్ష చేయాలంది. అయిదు పట్టీలు, పట్టీకి పది చిన్న బిళ్ళలు, బిళ్ళకో మందు. రెండు రోజులు వీపు తడపకూడదు, చెమట పట్టకూడదు, చేతులు పైకెత్తకూడదు. రెండు రోజులయ్యాక పట్టీలు తీసి గీతలు గీస్తారు, ఇంకో రెండు రోజులాగి ఏ చోట ఎర్రబడిందో చూస్తారు.

"ఒక్కటి మాత్రం ముఖ్యం," అంది. "పొద్దున, సాయంత్రం ఇంట్లో ఎవరో ఒకరు మీ వీపు చూడాలి. అంచు లేస్తే వెంటనే ఈ టేపు వేసి అంటించాలి. బిళ్ళ లేచిపోతే ఆ పరీక్ష లెక్కలోకి రాదు."

నర్సు ఫారం ఇచ్చింది. పేరు, వయసు, వృత్తి గబగబా రాసేశాను. చివరి గడిలో 'ఇంట్లో చూసే మనిషి' అని ఉంది. అక్కడ పెన్ను ఆగిపోయింది.

"ఎవరైనా పరవాలేదమ్మా," అంది నర్సు. "మీవారు, అమ్మాయి, పక్కింటావిడ, ఎవరైనా."

నా వెనకాల నలుగురు నిలబడి ఉన్నారు. ఎవరూ లేరండీ అని చెప్పడం నాకు చేతకాలేదు. దరిద్రం ఉందని చెప్పుకోవచ్చు, రోగం ఉందని చెప్పుకోవచ్చు, ఎవరూ లేరని చెప్పుకోవడమంత సిగ్గు ఇంకొకటి లేదు నాకు. 'ఆడపడుచు' అని రాసి, కంఠతా వచ్చిన ఒకే ఒక్క ఫోన్ నెంబరు రాసేశాను.

ఆడపడుచు అంటే మా ఆయన చెల్లెలు. నాకంటే నాలుగేళ్ళు చిన్నది. పెళ్ళిచేసుకోలేదు. బడిలో లెక్కలు చెబుతుంది. నా మనసులో ఆమె పేరు పంతులమ్మ, పైకి మాత్రం 'అమ్మాయ్' అనే పిలుస్తాను. అబద్ధం ఆడిన పిల్లల్ని బెంచీ ఎక్కించే రకం. మా ఆయన పోయిన పన్నెండో రోజున ఎవరితోనో "వదినకేం, పనుంది, పదిమంది మధ్య ఉంటుంది, ఎలాగో గడిచిపోతుంది" అనడం నా చెవిన పడింది. నిప్పు తొక్కినట్టయింది. ఆ మాట నేను మరిచిపోలేదు, మరిచిపోలేదన్న సంగతి ఆమెకీ తెలుసు. తర్వాత మా మధ్య మిగిలింది ఒక్కటే. ఆరు వారాలకోసారి 'ఆదివారం మూడింటికి రావచ్చా' అని ఫోనులో నాలుగు ముక్కలు పెడుతుంది. వస్తుంది. పార్లర్లో నా కుర్చీలో కూర్చుని రంగు వేయించుకుంటుంది. వెళ్ళిపోతుంది. నేను ఎలా అఘోరిస్తున్నానో చూసి పోవడానికే వస్తుందని అనుకునేదాన్ని.

ఆమె నెంబరు రాశాను గానీ ఆమెకి చెప్పలేదు. నా వీపు నేను చూసుకోలేకపోతానా అనుకున్నాను. నా వృత్తే అది. తల వెనకభాగం మనిషికి చూపించడానికి ముప్పై ఏళ్ళుగా చేతిలో అద్దం పట్టుకుని నిలబడుతున్నాను. ఇంటికెళ్ళి అలమారా అద్దానికి వీపు పెట్టి, చేతి అద్దంలోంచి చూశాను. అయిదు పట్టీలూ చక్కగా కనిపించాయి. చంకలు గుద్దుకున్నంత పని చేశాను.

మర్నాడు పొద్దున చూస్తే రెండో పట్టీ కింది అంచు లేచి ఉంది. కనిపించడమైతే కనిపించింది, చెయ్యి అందితేగా! భుజం మీంచి అందదు, నడుం దగ్గర్నుంచి అందదు. దేవుడు ఆ జానెడు చోటు పక్కవాళ్ళ కోసం వదిలిపెట్టాడు కాబోలు. దువ్వెన కాడకి టేపు తగిలించి వెనక్కి చాపితే అది వెళ్ళి జుట్టుకి అంటుకుంది. వెంట్రుకలు పీకి టేపు తీసుకుని, మళ్ళీ చాపితే ఈసారి మోచేతికి. ఎవరైనా చూస్తే నవ్వేవాళ్ళు. చూసేవాళ్ళే ఉంటే ఈ తిప్పలెందుకు?

ఎదురింటి తలుపు దాకా వెళ్ళాను. లోపల మొగుడూ పెళ్ళాం దేనికో నవ్వుకుంటున్నారు. మెట్ల దగ్గర ఎదురైతే తలూపుకోవడమే తప్ప ఆవిడతో నాకు మాటల్లేవు. కాస్త పంచదార అప్పివ్వండి అని అడగొచ్చు. కాస్త నా వీపు చూడండి అని ఎలా అడుగుతారు? తలుపు మీద చెయ్యి వేయకుండానే తిరిగొచ్చాను.

చివరికి గోడే దిక్కయింది. వంటింటి గుమ్మం పక్కన గోడకి వీపు అదిమిపెట్టి అరగంట నిలబడ్డాను. గోడలకి చెవులుంటాయంటారు, చేతులుంటే బాగుండేది. నిలబడినంతసేపూ పట్టీ అంటుకున్నట్టే ఉండేది, పక్కకి జరిగితే మళ్ళీ వేలాడేది. సాయంత్రం ఇంకో అరగంట నిలబడ్డాను. పడుకుని లేచేసరికి ఆ పట్టీ సగం ఊడి దుప్పటికి అంటుకుని ఉంది. దాన్ని మళ్ళీ వీపుకే ఎలాగో అదిమి, పైన బిగుతు చొక్కా వేసుకుని ఆస్పత్రికి వెళ్ళాను.

పట్టీలు తీసేటప్పుడు నర్సు చెయ్యి ఆగింది. "ఇదేమిటమ్మా, రెండోది సడలినట్టుంది. ఇంట్లో చూశారా?"

"మా ఆడపడుచు రెండు పూటలా చూసిందమ్మా. ఇప్పుడు బస్సులో ఒరుసుకుని సడలి ఉంటుంది."

ఎందుకలా చెప్పానో అప్పుడే నాకు తెలుసు. రంగు బిళ్ళ ఆ రెండో పట్టీలోనే ఉంది. ఏ బిళ్ళలో ఏముందో నర్సు దగ్గరున్న పట్టికలో ముందే చదివాను. అది ఊడిపోయినందుకు లోపల్లోపల నాకేమీ బాధ కలగలేదు. ఊడింది నా పొరపాటు, బస్సులో సడలిందన్నది నా అబద్ధం, ఆ రెండూ కలిసి నా కుర్చీని కాపాడితే వద్దంటానా?

శుక్రవారం డాక్టరు నా వీపంతా వేలితో తడిమి చూసింది. "ఎక్కడా ఏమీ లేదు," అంది. ఆ మాటలో సంతోషం లేదు. "మీ చేతులు చూస్తే నాకిది నమ్మబుద్ధి కావడం లేదు. రెండో పట్టీ సడలిందని నర్సు రాసింది. ఉండండి, మీ ఆడపడుచుగారితో ఒకమాట మాట్లాడతాను."

వద్దనబోయాను. ఆపేలోపే డాక్టరు ఫారం చూసి నెంబరు నొక్కి, ఫోను బల్లమీద పెట్టింది. అటు పిల్లల గోల. తర్వాత ఆ గొంతు, బెత్తం లాంటిది.

"ఎవరు?"

డాక్టరు తనెవరో చెప్పింది. "మీ వదినగారి వీపు మీద పట్టీలు రెండు రోజులూ మీరే చూశారా అండీ?"

అటు పిల్లల గోల ఒక్కటే వినిపించింది. ఏ వీపు, ఏ పట్టీలు అని అడుగుతుందని నేను తల దించుకుని కూర్చున్నాను. అడిగితే అయిపోయేది.

"నోళ్ళు మూయండి," అని అటు పిల్లల మీద అరిచింది. గోల ఆగింది. "చూశానండీ. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి."

"రెండో పట్టీ ఎక్కడైనా లేచిందా?"

"లేదండీ. లేస్తే నాకు కనపడకుండా ఉంటుందా? లెక్కల టీచర్ని నేను."

డాక్టరు ఊపిరి వదిలి కాగితం మీద రాసింది. ఎలర్జీ కాదు, పని వల్ల చర్మం సున్నితమైంది, అంతే. మందులు రాసిచ్చింది, తడి చేతుల్ని గుడ్డతో రుద్దకుండా అద్దుకోమంది, గంటకోసారి క్రీము రాసుకోమంది. నేను నేరుగా పార్లర్‌కెళ్ళి ఆ కాగితం ఓనరమ్మ చేతిలో పెట్టాను. "హమ్మయ్య, బతికించావక్కా," అని ఆ పిల్ల నన్ను పట్టుకుని ఊపేసింది. ఆ రోజు మూడు తలలకి రంగు వేశాను.

ఇంటికొచ్చాక పంతులమ్మ ఫోన్ చేస్తుందని కనిపెట్టుకుని కూర్చున్నాను. ఏమిటిదంతా, నీకేమైంది, నా పేరెందుకు వాడుకున్నావు అని కడిగేస్తుందనుకున్నాను. కడిగితే సమాధానాలు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆ రోజు చేయలేదు, మర్నాడూ చేయలేదు. నేనూ చేయలేదు. ఏమని చేస్తాను? నాకోసం అబద్ధం ఆడినందుకు థాంక్స్ అనా?

నెల తిరిగేసరికి చేతులు మరీ పాడయ్యాయి. చర్మం నీటిపొక్కులు కట్టి పగిలేది. పొద్దున లేవగానే పిడికిలి ముడవాలంటే ప్రాణం పోయేది. ఒకరోజు ఎడమకన్ను రెప్ప ఉబ్బిపోయి, కుర్చీలో ఆవిడకి కన్ను కొడుతున్నట్టు కనిపించాను. అయినా మానలేదు. తొడుగు మీద తొడుగు వేసుకుని రంగు కలిపేదాన్ని. నవ్వుతూ, వాగుతూ, లోపల వేళ్ళు కుతకుతమంటుంటే పళ్ళు బిగించుకునేదాన్ని.

తన ఆరు వారాలు నిండిన ఆదివారం మూడింటికి పంతులమ్మ ఎప్పట్లాగే వచ్చి నా కుర్చీలో కూర్చుంది. మెడ చుట్టూ గుడ్డ కట్టాను, రంగు కలిపాను, పాయలు తీశాను. ఇద్దరం అద్దంలో ఒకరినొకరం చూడకుండా జాగ్రత్తపడుతున్నాం. సగం తలకి రంగు వేసేసరికి నా ఓపిక అయిపోయింది.

"ఎందుకు చెప్పావమ్మాయ్ ఆ అబద్ధం?"

"నా నెంబరు నువ్వే ఇచ్చావుగా."

"ఇస్తే? ఏమిటీ ఎందుకూ అని అడగవా?"

"అడిగితే నువ్వు చెబుతావా?" అద్దంలో నా కళ్ళలోకి చూసింది. "ఏదో అవసరపడే ఇచ్చి ఉంటావనుకున్నాను. కాదంటే డాక్టరు ముందు నీ మాట పోతుంది. యాభైమంది పిల్లల ఎదురుగా అబద్ధం చెప్పాను వదినా. వాళ్ళకి తెలియదు. నాకు తెలుసుగా."

బ్రష్షు గిన్నెలో ముంచి ఎత్తబోయాను. వేళ్ళు ముడుచుకోలేదు. బ్రష్షు జారి ఆమె భుజం మీద పడి, అక్కణ్ణించి నేల మీద పడింది. వంగి తీయబోతుంటే నా మణికట్టు పట్టుకుంది. రెండు తొడుగులూ తనే లాగేసింది. లోపలి తొడుగుతోపాటు కాస్త చర్మం కూడా వచ్చింది.

చాలాసేపు చూసింది. "ఇదేనా రోగం లేని చెయ్యి? నేను వీపు చూశానన్నది ఇందుకేనా?" నా మణికట్టు వదలకుండానే అంది. "నా అబద్ధం వల్లేగా ఇది?"

"నీ వల్ల కాదు. పట్టీ ఊడిందని నాకు ముందే తెలుసు."

"పద, రేపే మళ్ళీ చేయించుకుందువుగాని."

"నేను చేయించుకోను." నాకు కోపం వచ్చింది. పక్కకుర్చీలవాళ్ళు వింటున్నారన్న స్పృహ కూడా లేకపోయింది. "చేయిస్తే రంగే అని తేలుతుంది. తేలితే ఈ కుర్చీ పోతుంది. ఈ కుర్చీ పోతే నాతో మాట్లాడే మనిషి ఈ భూమ్మీద లేడు. తెలుసా నీకు? ఆదివారం తాళం వేసుకుంటే మంగళవారం దాకా నా నోట మాట లేదు. మొన్న పట్టీ ఊడితే అంటించే దిక్కులేక గోడకి వీపు ఆనించి నిలబడ్డాను. అరగంట. రెండుసార్లు. ఎవరూ లేరు నాకు. చాలా? తెలుసుకున్నావుగా, ఇక పో."

పక్కకుర్చీల్లోని తలలన్నీ మావైపు తిరిగాయి. ఎన్నేళ్ళుగానో దాచుకున్న మాట, పదిమంది మధ్య, తడి తలల ముందు చెప్పేశాను. నేల చీలితే అందులోకి దూరిపోదామనిపించింది.

పంతులమ్మ లేచింది. మెడచుట్టూ గుడ్డ తనే విప్పుకుని, తొట్టి దగ్గరికెళ్ళి తల తనే కడుక్కుంది. ఓనరమ్మ పరుగెత్తుకొచ్చి మిగతా సగం తను వేస్తానంది. "వద్దమ్మా, ఇంకొకరి చేతికి నా తల ఇవ్వను," అంది. సగం నలుపు, సగం తెలుపు తలతో నీళ్ళు కారుతూ నా దగ్గరికొచ్చింది. "రేపు ఎనిమిదింటికి మీ ఇంటి కింద ఉంటాను," అని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ తలతోనే మర్నాడు వచ్చింది. డాక్టరు ముందు చేతులు కట్టుకుని నిలబడి, "నేను చూడలేదండీ, అబద్ధం చెప్పాను," అంది. డాక్టరు మా ఇద్దర్నీ కలిపి తిట్టింది. దొంగతనం చేసి దొరికిన పిల్లల్లా తలలు దించుకుని విన్నాం. పని మానేసి మూడు వారాలు చేతులు కుదుటపడ్డాక మళ్ళీ రమ్మంది.

ఆ మూడు వారాలు నేను ఎలా గడిపానో చెప్పను. కిటికీలోంచి రోడ్డు మీద నడిచే తలల్ని చూస్తూ కూర్చున్నాను. అంత దూరం నుంచి కూడా ఎవరి రంగు ఎవరు వేశారో చెప్పగలను. ఫోనెత్తి ఏదో ఒక నెంబరు నొక్కుదామా అనుకుని, ఉన్నది ఒకటే నెంబరని గుర్తొచ్చి పెట్టేసేదాన్ని.

సోమవారం పట్టీలు వేశారు. ఆ సాయంత్రం బడి వదలగానే పంతులమ్మ వచ్చింది. మంగళవారం బడికి పోతూ ఒకసారి, తిరిగొస్తూ ఒకసారి. బుధవారం పొద్దున ఇంకోసారి. టేపు చుట్ట, టార్చి, పిల్లల చేత గీతలు గీయించే స్కేలు కూడా బ్యాగులో తెచ్చేది. మాటలు పెద్దగా లేవు. "చెయ్యెత్తకు." "ఊ." "ఇటు తిరుగు." "ఊ." ఇన్నాళ్ళు వాగి వాగి అలిసిపోయిన నా నోటికి ఆ 'ఊ' అనడం ఎంత హాయిగా ఉండేదో!

గురువారం సాయంత్రం ఆమె రావలసిన పని నిజానికి చిన్నది. పట్టీలు తీసేశారు, వాటి చోట్లు తెలియడానికి పెన్నుతో గీసిన గీతలు మాత్రం చెరిగిపోకుండా మళ్ళీ దిద్దాలి. శుక్రవారం డాక్టరు చూసేది. నేను గోడకేసి తిరిగి, చొక్కా పైకి లాక్కుని స్టూలు మీద కూర్చున్నాను. వెనకాల పెన్ను మూత తీసిన చప్పుడు వినిపించింది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

"ఏమైనా ఉందా?" అన్నాను.

"ఏమీ లేదు. బాగానే ఉంది."

పొద్దుటినుంచీ అక్కడ ఒకచోట దురద నన్ను నిలవనీయడం లేదు. ఆ సంగతి ఆమెకి చెప్పలేదు.

"అమ్మాయ్, ఫోన్లో అయితే బాగా చెప్పావు. ఎదురుగా అబద్ధం చెప్పడం నీకు రాదు. ఉన్నదున్నట్టు చెప్పు."

స్కేలు చల్లగా నా వీపుకి ఆనింది.

"రెండో వరుస," అంది. ఆగింది. "నాలుగోది. ఎర్రగా పొంగింది. మధ్యలో చిన్న చిన్న పొక్కులున్నాయి."

"మిగతావి?"

"తెల్లగా ఉన్నాయి. అదొక్కటే."

రెండో వరుస నాలుగోది జుట్టురంగు. పట్టిక నాకు కంఠతా వచ్చు. ముప్పై ఏళ్ళ పని, ఆ కుర్చీ, అద్దం, ఆ తలలన్నీ, వేలెడంత ఎర్రమచ్చలోకి పోయాయి. ఏడవకూడదనుకున్నాను. భుజాలు ఎగిరిపడుతుంటే ఆపుకోలేకపోయాను.

"కదలకు వదినా, గీతలు వంకరపోతున్నాయి," అంది. తన గొంతే వంకరపోయింది. మచ్చకి కాస్త కిందగా, నడుం మీద అరచెయ్యి పెట్టి నన్ను కదలకుండా పట్టుకుంది. వెచ్చటి చెయ్యి, చాక్‌పీసు గరుకు ఉన్న చెయ్యి. ఈ పరీక్షల పని తప్పిస్తే, ఈ తొమ్మిదేళ్ళలో నా వీపు మీద మనిషి చెయ్యి పడలేదు. ఇంకాస్త ఎక్కువ ఏడ్చాను.

గీతలన్నీ దిద్దడం అయ్యాక, ఏడుపు కాస్త సర్దుకున్నాక, మనసులో ఉన్న అసలు భయం బయటపెట్టాను.

"ఇక నువ్వు కూడా రావుగా. రంగు వేయలేను. నీకు ఇక్కడేం పని?"

పెన్ను మూత పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది.

"మొదటిసారి నేను రంగుకొచ్చినప్పుడు నా తలలో తెల్లవెంట్రుకలు ఎన్నున్నాయి వదినా? నీకు తెలిసే ఉంటుంది."

తెలుసు. చెవి పక్కన నాలుగో అయిదో. ఈపాటిదానికి రంగేమిటి, ఏమి సోకు అని అప్పుడు మనసులో తిట్టుకున్నాను కూడా.

"అన్నయ్య పోయాక నిన్ను చూడాలంటే నాకో వంక కావలసొచ్చింది. ఉత్తచేతులతో వస్తే నువ్వు తలుపు తీయవనుకున్నాను. రంగు నాకు పడదు వదినా. వాసనకి రెండు రోజులు తల పగిలిపోతుంది." ముక్కు చీదుకుంది. "రేపు బడికి సెలవు పెట్టాను. డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను. ఆదివారం మూడింటికి ఇక్కడికొస్తాను."

"ఆదివారం ఎందుకు?" అన్నాను గోడకేసే చూస్తూ.

"ఊరికే," అంది.